ఎకో తీసేశాక

కిందటి వారం మనం బేబీని బరంపురం బడా బజార్‌లో, పట్టుచీరల కొట్టు మీద ఉన్న చిన్న స్టూడియోలో, చెవులకి హెడ్‌ఫోన్స్‌తో కుర్చీలో బిగుసుకుపోయి ఉండగా వదిలేశాం. ఆమె అక్కడిదాకా ఎలా వచ్చిందో నాలుగు మాటల్లో చెప్పుకుంటే మిగతాది పరుగెడుతుంది.

పొడంపేట చేపలవాళ్ళ పిల్ల బేబీ. పాటలకి మిక్సింగ్ చేయడం ఆమె పని. ఆమె అన్న గురువులు, ఒడ్డు నుంచి తాళ్ళతో అలివి వల లాగే జట్టుకి పెద్ద. చేపల వ్యాపారి వెంకటరమణమూర్తి ట్రాలరు ఒక చిన్న పడవని గుద్ది ఆగకుండా వెళ్ళిపోవడం గురువులు కళ్ళారా చూశాడు. ఆ మాట వచ్చే సోమవారం కోర్టులో చెప్పవలసినవాడు. ముప్ఫై ఎనిమిది రోజుల కిందట వేటకి వెళ్ళి, రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర పడవ తిరగబడి, సముద్రంలో కలిసిపోయాడు. అలా అని చెప్పింది అదే పడవలో వెళ్ళి, ఈదుకుంటూ ఒడ్డుకి చేరిన ధనరాజు ఒక్కడే. శవం దొరకలేదు. శవం దొరకనివాడికి ఆ ఊళ్ళో నలభయ్యో రోజున కర్మ చేస్తారు. ఆ రోజు ఎల్లుండి.

అలాంటివాడి కోసం మూడో రోజున ఆడవాళ్ళు, మా మనిషిని తిరిగిమ్మని గంగమ్మని అడుగుతూ పాట పాడతారు. భార్య ఎత్తుకుంటుంది, మిగతావాళ్ళు అందుకుంటారు. పాడుతున్నంతసేపూ ఆ పాట చెవిన పడేంత దూరంలో మగవాడు ఉండకూడదు; తరవాత రికార్డు వింటే తప్పులేదు. గురువులు కోసం అతని భార్య గురువమ్మ ఎత్తుకుంది. ఒడ్డున గాలి ఎక్కువగా ఉందని, మూర్తి తన ఐసు ఫ్యాక్టరీ వరండాలో పాడించి రికార్డు చేయించాడు. మైకులు పెట్టిన మనిషి కూడా మీట నొక్కేసి గేటు బయటికి వెళ్ళిపోయాడు.

ఆ పాట మీద ఉన్న ఎకో మొత్తాన్ని బేబీ ఈ మధ్యాహ్నం తీసేసింది. ఆడవాళ్ళ గొంతుల వెనకాల ఒక మగ గొంతు వినబడింది.

అక్కడ ఆగాం.

*

బేబీ మళ్ళీ వినలేదు. వినడానికి చెయ్యి రాలేదు.

కింద బజారులో రిక్షా గంటలు, బేరాలు, ఎవరో ఒరియాలో బస్తా దించమని అరుపులు. లోకమంతా మామూలుగానే ఉంది. స్టూడియో గదికి మాత్రం నాలుగు గోడలకీ మెత్తటి స్పాంజి అతికించి ఉంది కాబట్టి ఆ చప్పుళ్ళన్నీ దుప్పటి కింద నుంచి వస్తున్నట్టు వస్తున్నాయి. ఏసీ ఆపేసినా ఆమెకి చలి తగ్గలేదు.

తప్పు ఆమెదే. ఆ సంగతి ఆమెకి తెలుసు.

పాట రికార్డయిన నాడు ఆమె ఊళ్ళో లేదు. అన్న శవం ఎక్కడైనా ఒడ్డుకి కొట్టుకొచ్చిందేమోనని గోపాలపూర్ దాకా ఇసుకలో నడిచి వెతుకుతోంది. తిరిగి వచ్చేసరికి స్టూడియోలో తన టేబుల్ మీద పెన్‌డ్రైవ్ ఉంది. మూర్తి ఫోన్ చేసి, "సాయంత్రానికి గుడి మైకులో వేయించాలి తల్లీ, ఎకో బాగా దట్టించు, గుండెలు కరిగిపోవాలి," అన్నాడు. ఏడుస్తూ, సరిగ్గా వినకుండా, ఒక్క గంటలో ముగించేసింది. ఆయన అడిగినంతా వేసింది. వదిన ఒక్క మాట పాడితే ఆ మాట పదిసార్లు మోగేది. లైను అయిపోయాక కూడా ఆ మోత ఆగేది కాదు, తరవాతి లైను దాకా సాగేది.

గంజాం జిల్లాలో ఇది కొత్త సంగతి కాదు. పెళ్ళి వీడియోలో పురోహితుడి దగ్గుకి కూడా ఎకో వేయమని అడుగుతారు ఇక్కడ. కానీ బేబీకి పని నేర్పిన ఢిల్లీశ్వరరావు మాస్టారు ఆ మాట వింటేనే మండిపడేవాడు. "ఎఫెక్టు వేసినాక సగానికి దించు. ఇంకా ఇనబడతందా? మళ్ళీ సగానికి దించు. ఉన్నంతసేపూ ఉన్నట్టు తెలీకూడదు. తీసీసినప్పుడే ఏదో తగ్గిందని తెలవాల. అంతకి మించి వేసినావా, నువ్వు పాట సెయ్యట్లేదే పిల్లా, ఏదో కప్పెడతన్నావు."

కర్మ రోజుకైనా అన్న పాటని మాస్టారు చెప్పినట్టు చేద్దామని బేబీ ఈ రోజు పాత ఫైలు తెరిచింది. ఎకో మొత్తం తీసేసింది. కంప్రెసర్ మాత్రం ఉంచింది. పెద్ద శబ్దాన్ని అణిచి, చిన్న శబ్దాన్ని పైకి తెచ్చే పరికరం అది. అదే ఆ గొంతుని పైకి తెచ్చింది.

చివరికి బేబీ మీట నొక్కింది.

రెండు మైకులు. ఒకటి వరండా వెనక గోడ దగ్గర, పైన వెంటిలేటరు ఉన్నచోట, వదిన ముందు. రెండోది ఎదురుగా చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళ ముందు. బేబీ రెండోదాన్ని ఆపేసి, వదిన మైకు ఒక్కటే విన్నది.

వదిన ఒక లైను పాడి ఆపింది. అవతల ఆడవాళ్ళు అందుకున్నారు. వాళ్ళ పాట దూరంగా, పలచగా ఉంది. ఐసు మిషను గుయ్‌మని మోగుతోంది. ఇన్నాళ్ళూ ఎకో నిండిపోయి ఉన్న జాగా ఇది. ఇప్పుడు ఖాళీగా ఉంది.

ఆ ఖాళీలో, గోడ అవతలి నుంచి, చాలా కిందనుంచి...

"సడలో... ఓ... సడలో..."

బేబీ చేతులు చెవుల మీదికి వెళ్ళిపోయాయి.

అలివి వల లాగేటప్పుడు రెండు తాళ్ళ దగ్గరా ఇరవై ఇరవై మంది ఉంటారు. జట్టు పెద్ద నీళ్ళలో నిలబడి కేకేస్తాడు. లాగడానికి ఒక కేక, ఆపడానికి ఒక కేక. ఈ రెండూ రోజూ వినబడేవే. మూడో కేక ఈ 'సడలో'. వలలో చేప కాక మనిషి చిక్కుకుంటే వేసేది. అది వినగానే నలభై మందీ తాళ్ళు వదిలేయాలి. పొడంపేటలో పుట్టి పెరిగిన బేబీ ఆ కేకని జీవితంలో ఒక్కసారే విన్నది. అప్పుడు ఆమెకి ఏడేళ్ళు. వలలో చిక్కుకున్నది తనే. ముక్కులోకి ఉప్పునీళ్ళు పోతుంటే, కళ్ళ ముందు వల కన్నులు తప్ప మరేమీ కనబడకుంటే, అన్న గొంతు ఆ కేక వేసింది. ఓ దగ్గర పైకి లేచి, చివర విరిగిపోయే గొంతు.

ఈ గొంతూ ఓ దగ్గర పైకి లేచింది. చివర విరిగిపోయింది.

దెయ్యం అనుకుంది ముందు. నిజంగానే అనుకుంది. సముద్రంలో పోయినవాళ్ళు పాట వినడానికి వస్తారని ముసలమ్మలు చెప్పేవాళ్ళు. కానీ దెయ్యానికి గోడ అడ్డం రాదు. ఈ గొంతుకి గోడ అడ్డం ఉంది. ఆరేళ్ళుగా గొంతులతో పనిచేస్తున్న చెవి అది. మూసిన గదిలోంచి వచ్చే గొంతుకి పైపదును పోతుంది, మొద్దుబారుతుంది. ఆ గోడ వెనక మూర్తి ఐసు ఫ్యాక్టరీలో ఇప్పుడు వాడని పాత చల్లగది ఉంది.

మునిగిపోయాడని ఊరంతా నమ్మిన మూడో రోజున, తన కోసమే పాట పాడుతున్న ఆడవాళ్ళకి పది అడుగుల దూరంలో, గోడ వెనక, అన్న బతికి ఉన్నాడు. 'చిక్కుకున్నాను, వదిలించండి' అని తమవాళ్ళకి మాత్రమే తెలిసిన కేక వేస్తున్నాడు.

దాని మీద ఎకో పోసి కప్పెట్టింది తను. నెలకి పైగా ఆ పాట గుడి మైకులో పొద్దునా సాయంత్రం మోగింది. ఊరంతా విన్నది. అన్న గొంతు ఊరంతా మోగుతూనే ఉంది, ఎవరికీ వినబడలేదు.

మెట్ల మీద చెప్పుల చప్పుడయింది.

*

"ఏటి తల్లీ, భోజనానికి కూడా ఎల్లనేదా?"

తలుపు తోసుకుని వచ్చినవాడు వెంకటరమణమూర్తి. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, నుదుట సన్నటి కుంకుమ. ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు. పొడంపేటలో ఎవరికి జ్వరమొచ్చినా బండి పంపేది ఆయనే. గురువులు పోయాడన్న రోజున అందరికన్నా ముందు ఇంటికొచ్చి బేబీ తల మీద చెయ్యి పెట్టింది కూడా ఆయనే.

ఆ చెయ్యి గుర్తొచ్చి బేబీకి తల మీద చర్మం ముడుచుకుంది.

"కూర్చోండి బాబూ," అంది. తెర మీద ఎకో ఆపేసి ఉన్న గుర్తు ఎర్రగా కనబడుతోంది. మూర్తి వెనక సోఫాలో కూర్చునే లోపల మౌసు నొక్కి ఎకో మళ్ళీ వేసింది. హెడ్‌ఫోన్స్ తీగ పీకేసింది.

"ఎల్లుండికి పెన్‌డ్రైవ్ పట్టుకెళదామని వచ్చాను. అయిపోయిందా?"

"కొంచెం ఉంది బాబూ."

"ఏదీ, వినిపించు."

ఆమె వినిపించింది. స్పీకర్లలోంచి వదిన గొంతు వరదలా వచ్చి గది నింపేసింది. మాటలు ఒకదాని మీద ఒకటి పడి దొర్లుతున్నాయి. ఆ హోరులో బేబీ ఒక్కదాని గురించే భయపడుతోంది. చెవికి తెలిసిపోయింది కాబట్టి ఆ కేక ఆమెకి ఇప్పుడు ఎకో కింద కూడా వినబడుతోంది. నీళ్ళ అడుగున చేయి కదిలినట్టు. ఆయనకి వినబడుతోందా?

మూర్తి కళ్ళు మూసుకుని వింటున్నాడు. వేళ్ళతో మోకాలి మీద తాళం వేస్తున్నాడు. ఒకచోట వేళ్ళు ఆగాయి.

"అక్కడ," అన్నాడు కళ్ళు తెరవకుండా. "గురువమ్మ ఆపిన చోట. ఖాళీగా ఉంది. అక్కడ ఇంకొంచెం ఎకో నింపు తల్లీ."

బేబీ తెర మీద ఆ చోటు చూసింది. ఎకో మీద కోరికలు చెప్పేవాళ్ళని ఆరేళ్ళుగా చూస్తోంది. అందరూ గొంతు మీద వేయమంటారు. గొంతు లేనిచోట వేయమన్నవాడు ఈయన ఒక్కడే.

"ఎక్కువైతే మాట తెలీదు బాబూ. గిన్నెలో మాట్లాడినట్టుంటాది. మా మాస్టారు..."

"మాట తెలీకపోతే ఏటి? ఏడుపొస్తే చాలు కదా." ఆయన చిన్నగా నవ్వాడు. "నువ్వు మరీ చదువుకున్నదానిలాగ చేస్తావు. జనానికి అంత చెవి ఎక్కడిది?"

"అలాగే బాబూ."

"మూడుచోట్ల ఉంది అలాగ. మూడుచోట్లా నింపు."

మూడు. బేబీ విన్నది ఒక్కచోటే. అన్న ఎన్నిసార్లు అరిచాడో ఈయనకి లెక్క తెలుసు.

ఎకో పెంచే ఫేడరు మీటని పైకి తోసింది. మోత పెరిగింది. తన చేతుల్తో తనే అన్న నోరు రెండోసారి మూస్తున్నట్టయింది.

మూర్తి ఫోన్ మోగింది. తీసి ఒరియాలో మాట్లాడాడు. "తినకపోతే వదిలేయ్. నీళ్ళు మాత్రం ఇవ్వు. ఎల్లుండిదాకానే కదా." పెట్టేసి, బేబీ చూపు తన మీద ఉండటం గమనించి, "మా కుక్క. జబ్బు చేసింది," అన్నాడు.

ఆయన ఇంట్లో కుక్క లేదు. వరండాలో బాతుల్ని పెంచుతారని, కుక్కని చేరనివ్వరని ఊరంతా చెప్పుకుంటారు. బేబీ తల ఊపింది. "పాపం," అంది.

అన్న ఇంకా బతికే ఉన్నాడు. ఈ రోజు కూడా. ఎల్లుండి వరకు. ఎల్లుండి ఊరు కర్మ చేసేస్తుంది, గురువులు పేరు మీద నీళ్ళు వదిలేస్తుంది, ఒడ్డు వెంట శవం కోసం వెతకడం మానేస్తుంది. ఆ తరవాత అతను ఎప్పుడు చచ్చినా అడిగేవాళ్ళుండరు. ఇప్పుడు తన ముఖంలో ఒక్క గీత తేడాగా కదిలినా, ఎల్లుండి దాకా కూడా ఆగరు.

నవ్వాలి. పని చేసుకునే మనిషిలా విసుక్కోవాలి. బేబీ విసుక్కుంది. "ఈ కంప్యూటరు ఒకటి బాబూ, ఎకో పెంచితే ఆగిపోతాది. ముసలిదైపోయింది."

"కొత్తది కొనిపెడతాను, కర్మ అవనీ."

అప్పుడు తలుపు తెరుచుకుంది. సస్మిత రెండు గ్లాసులతో వచ్చింది. స్టూడియోలో పాటలు పాడే ఒరియా అమ్మాయి. నోరు ఊరుకోదు.

"నానీ, చా తాగు. పొద్దున్నుంచి మంచినీళ్ళు కూడా లేవు ఈమెకి, చూడండి సార్." బేబీని ఆమె అక్క అనే అర్థంలో నానీ అనే పిలుస్తుంది. గ్లాసు పెడుతూ స్పీకర్లు విని ముఖం చిట్లించింది. "అయ్యో, మళ్ళీ ఎకో పెట్టేశావేంటి? మొత్తం తీసేశాను, భలే ఉందని ఇందాకే కదా అన్నావు!"

గదిలో వదిన గొంతు ఒక్కటే దొర్లుతోంది.

మూర్తి టీ గ్లాసు అందుకున్నాడు. ఊదాడు. ఒక గుక్క తాగాడు.

"తీసేశావా?" అన్నాడు.

"ఒక్క లైను బాబూ," అంది బేబీ. "కొలత చూసుకోవడానికి. ముందు తీసి, తరవాత కొంచెం కొంచెం వేసుకుంటాం. కూరలో కారం సూసుకున్నట్టు."

"ఎలాగుంది తీసేశాక?"

"బోసిగా ఉంది."

"ఏటైనా వినబడిందా?"

సస్మిత ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. బేబీ టీ గ్లాసు చేతిలోకి తీసుకుంది. రెండు చేతులతో పట్టుకుంది. వేడికి అరచేతులు కాలుతున్నాయి. ఆ మంటని పట్టుకునే ఆమె ముఖం మారనివ్వలేదు.

"మీ ఐసు మిషను," అంది. "బర్రుమని. దాన్ని కప్పడానికే మళ్ళీ ఎకో వేస్తన్నాను. ఏటి బాబూ, పాటకి ముందు పది నిమిషాలు ఆపించి ఉంటే నాకు ఇంత గోల నేకపోను కదా?"

మూర్తి ఆమెని చూశాడు. చేపని కొనేముందు మొప్ప ఎత్తి చూసే చూపు అది.

తరవాత నవ్వాడు. "ఐసు కరిగిపోదా మరి? నష్టం ఎవరికి?" లేచాడు. జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి టేబుల్ మీద పెట్టాడు. "అయినంతలో ఇందులో వెయ్యి. బాగానే ఉంది, ఇంకేం చెయ్యకు. రికార్డింగు అసలు ఫైళ్ళు కూడా ఇందులోనే వేసేసి, నీ దగ్గరున్నవి చెరిపేయ్."

"చెరపడమెందుకు బాబూ? ఉండనీండి, రేపు ఎప్పుడైనా..."

"చావుపాట. కర్మ అయ్యాక ఇంట్లో ఉంచుకోకూడదు. మీ ఊరివాళ్ళదే ఆ పట్టింపు, నాది కాదు."

అలాంటి పట్టింపు ఏదీ లేదు. ఇద్దరికీ తెలుసు.

ఆయన కుర్చీ వెనక నిలబడ్డాడు. ఆయన ఊపిరి ఆమె జుట్టుకి తగులుతోంది. బేబీ ఫైళ్ళు ఎక్కించింది. ఆయన చూస్తుండగానే ఒక్కొక్కటీ చెరిపింది. గురువమ్మ మైకు. ఆడవాళ్ళ మైకు. మొదటి మిక్స్. కొత్త మిక్స్.

"ఆ చెత్తబుట్ట కూడా ఖాళీ చెయ్యి తల్లీ."

చేసింది. తెర మీద అన్న గొంతు ఉన్న జాగాలో ఇప్పుడు నీలిరంగు తప్ప ఏమీ లేదు.

మూర్తి పెన్‌డ్రైవ్ జేబులో వేసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "ఎల్లుండి పొద్దున్నే బండి పంపుతాను. నువ్వొక్కదానివీ బస్సులో రావొద్దు. రోజులు బాగోలేవు."

చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోయింది.

*

సస్మిత భుజం పట్టుకుని కుదిపేదాకా బేబీ కదల్లేదు.

"నానీ, ఏమైంది? నేనేమైనా తప్పన్నానా?"

"నువ్వేం తప్పు సెయ్యలేదమ్మా. కింద ఎవరైనా వొస్తే నన్ను పిలువు. నాతో సెప్పకుండా ఎవల్నీ పైకి పంపకు."

తలుపు గడియపెట్టి, ముందు ఫోన్ తీసింది. పోలీసులకా? అన్న సముద్రంలో పోయాడని నాలుగు ముక్కలు రాసుకుని పుస్తకం మూసేసినవాళ్ళు. వాళ్ళు కదిలేలోగా మూర్తికి తెలుస్తుంది. ఆ చల్లగదిలోంచి మనిషిని తీసెయ్యడానికి పావుగంట చాలు. చూపించడానికి రుజువు ఉండాలి, నిలబడటానికి మనుషులుండాలి. పొడంపేటలో అన్న జట్టు నలభై మందీ ఒక్క మాటకి లేచి వస్తారు. ఆ మాట చెప్పగలిగింది వదిన. అన్న కోసం ముప్ఫై ఎనిమిది రోజులుగా అన్నం ముట్టని వదిన. శవం కనబడేదాకా బొట్టు తియ్యనని పెద్దలకి ఎదురు తిరిగిన వదిన.

రెండో రింగుకే ఎత్తింది గురువమ్మ.

"ఏటే బేబే?"

"వొదినా, సుట్టూ ఎవలైనా ఉన్నారా?"

"నేరు. ఏటైంది, గొంతలా ఉందేటి?"

"అన్న బతికున్నాడు వొదినా."

అవతల చప్పుడు లేదు. ఊపిరి కూడా వినబడలేదు.

"వొదినా, ఇన్నావా? నాకు తెలిసిపోయింది. బతికున్నాడు, ఎక్కడున్నాడో కూడా తెలుసు. ఫోన్‌లో సెప్పలేను."

"ఎవుల్తోనైనా అన్నావా?" అంది గురువమ్మ. గొంతు చాలా చిన్నగా వచ్చింది.

"నేదు. నీకే ముందు."

"అనకు. ఎవుల్తోటీ అనకు. నాను బస్సెక్కతన్నాను. అక్కడే ఉండు, ఎక్కడికీ ఎల్లకు. తలుపేసుకుని కూకో."

పెట్టేసింది.

బేబీకి అప్పుడు ఏడుపొచ్చింది. కాస్త ధైర్యం కూడా వచ్చింది. పొడంపేట నుంచి బస్సు గంటన్నర. ఈలోగా రుజువు సిద్ధం చేసుకోవాలి.

మూర్తి చేపల సంగతి తెలిసినవాడు, స్టూడియో సంగతి తెలిసినవాడు కాదు. వర్షాకాలంలో కరెంటు పోయినప్పుడల్లా పని పాడవుతోందని, ఓనరు మనీష్ టేబుల్ కింద రెండో డిస్కు పెట్టించాడు. గంటకోసారి అన్ని ఫైళ్ళూ దానంతట అదే అందులోకి నకలు చేసుకుంటుంది. బేబీ మోకాళ్ళ మీద వంగి తీగ చూసింది. లైటు వెలుగుతోంది. రెండు గంటలకి చేసిన నకలు అందులో ఉంది. గురువమ్మ మైకు. ఎకో లేకుండా.

మూడు కేకలూ విడిగా కోసి ఫోన్‌లోకి ఎక్కించుకోవాలనుకుంది. మొదటిదాని చోటు తెలుసు. మూర్తి వేళ్ళు ఆగినచోటు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. కంప్రెసర్ ఇంకొంచెం బిగించింది, చిన్నచిన్న చప్పుళ్ళు కూడా పైకి వచ్చేలా.

వదిన లైను ముగించింది. ఖాళీ. ఐసు మిషను. వదిన ఊపిరి పీల్చడం, వదలడం, మైకుకి దగ్గరగా, తడిగా. చీర కొంగు రాపిడి.

"సడలో..."

వదిన ఊపిరి ఆగిపోయింది.

బేబీ వెనక్కి తిప్పింది. మళ్ళీ విన్నది. కేక మొదలైన చోటే ఊపిరి తెగింది. తాడు కోసినట్టు. గోడకి ఆనుకుని, వెంటిలేటరు కింద నిలబడింది వదినే. అవతల ఆడవాళ్ళు గొంతెత్తి పాడుతున్నారు కాబట్టి వాళ్ళకి వినబడలేదు. ఆ క్షణంలో పాడకుండా ఊరికే ఉన్నది వదిన ఒక్కతే.

వదిన విన్నది.

తరవాత ఏముందో బేబీకి గుర్తొచ్చింది. గుర్తురాకుండా ఉంటే బాగుండేది. మొదటిసారి మిక్సింగ్ చేసిన నాడు, ఆడవాళ్ళు ఇంకా ముగించకుండానే వదిన తరవాతి లైను ఎత్తేసుకుంది. దుఃఖంలో తాళం తప్పింది పాపం అనుకుని, ఆ లైనుని కోసి, కొంచెం ఆలస్యంగా వచ్చేట్టు జరిపి సరిచేసింది బేబీ. అలా మూడుచోట్ల సరిచేసింది.

మూడుచోట్ల.

రెండోచోటికి వెళ్ళింది. కేక. ఊపిరి తెగడం. వదిన ముందే ఎత్తుకోవడం, ఈసారి గట్టిగా.

మూడోచోటు. ఇక్కడ కేక పెద్దది. మాట కూడా ఉంది. "సడలో... గురువమ్మా..." పేరు పూర్తికాలేదు. రెండు అడుగుల చప్పుడు. వదిన మైకు దగ్గరికి జరిగింది. జరిగి, ఆ పేరు మీదే, గొంతు చిరిగిపోయేంత గట్టిగా పాట ఎత్తుకుంది. 'మా మనిషిని మాకియ్యి తల్లీ' అని.

ఎవరో పీక మీద కత్తి పెట్టినదాని గొంతులా ఉందా అది? బేబీ వెతికింది. ఉంటే బాగుండునని వెతికింది. మళ్ళీ మళ్ళీ విన్నది. భయపడిన గొంతు వణుకుతుంది, అంచులు అదురుతాయి. ఎకో ఉంటే ఆ తేడా తెలిసేది కాదు. లేదు కాబట్టి తెలుస్తోంది. ఆ గొంతు వణకలేదు.

గోడ అవతల మొగుడు పేరు పెట్టి పిలుస్తుంటే, ఇవతల ఆ గోడ దగ్గరే నిలబడి, ఆ పిలుపు మీద పాట కప్పిందామె. మూర్తి చెప్పగా తను వేసిన ఎకోకి చాలా ముందే.

తను ఇప్పుడే ఫోన్ చేసింది ఆమెకే.

బేబీ హెడ్‌ఫోన్స్ లాగేసి లేచింది. డిస్కు తీగ పీకి, దాన్ని చున్నీలో చుట్టింది. బయటికి పోవాలి. ఎక్కడికో తరవాత చూసుకోవచ్చు, దిగపహండి బస్సు దొరికితే దిగపహండి, మరేదైనా దొరికితే అది. గంటన్నర టైముంది. గడియ మీద చెయ్యి వేసింది.

"నానీ!" కింది మెట్ల దగ్గర నుంచి సస్మిత గొంతు. "మీ వదిన వచ్చింది! పంపనా?"

గోడ గడియారం చూసింది బేబీ. ఫోన్ చేసి ఇరవై నిమిషాలు కాలేదు.

కిటికీ దగ్గరికి వెళ్ళి తెర పక్కకి లాగింది. పట్టుచీరల కొట్టు ముందు, దారికి అడ్డంగా, మూర్తి తెల్లబండి ఆగి ఉంది. వెనక తలుపు తెరిచే ఉంది. డ్రైవరు పక్క సీట్లో ధనరాజు తల వంచుకుని కూర్చున్నాడు.

సస్మిత జవాబు కోసం ఆగలేదో, ఆమెని ఆగనివ్వలేదో. మెట్ల మీద అడుగులు పైకి వస్తున్నాయి. తొందర లేని అడుగులు. అవి తలుపు అవతల ఆగాయి.

"బేబే," అంది గురువమ్మ, ఎప్పటిలాగే, అన్నానికి పిలిచినంత మెత్తగా. "తలుపు తియ్యవే. ఆ పాట నాకూ ఓపాలి ఇనిపించు. ఎకో తీసీసి."

బేబీ ఫోన్‌లో పాట మాటే ఎత్తలేదు.